"ఏమీ లేదమ్మా" అంటే సరిపోదు
మైట్రల్ వాల్వ్ ప్రొలాప్స్, స్త్రీలు, తెలుసుకునే హక్కు

(మహిళా సంఘాల ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల ఆరోగ్యం అనగానే మన సభల్లో మాట గర్భసంచి చుట్టూ తిరుగుతుంది. కాన్పులు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, అవసరం లేకపోయినా గర్భసంచులు తీసెయ్యడం - వీటి మీద మనం ఎన్నో ఏళ్ళుగా పోరాడుతున్నాం. పోరాడాలి కూడా. అయితే ఆడదానికి గర్భసంచి ఒక్కటే ఉండదు, గుండె కూడా ఉంటుంది. ఆ గుండె దడదడలాడినప్పుడు ఆమె మాట ఎవరు వింటారు, విన్నవాళ్ళు ఆమెకేం చెబుతారు అన్నదాని గురించి ఈరోజు మాట్లాడదామనుకుంటున్నాను.

దానికి ఉదాహరణగా మైట్రల్ వాల్వ్ ప్రొలాప్స్‌ను తీసుకుంటున్నాను. డాక్టర్లు పొట్టిగా ఎం.వి.పి. అంటారు. విశాఖపట్నం వాళ్ళకి ఎం.వి.పి. అంటే కాలనీ పేరు. మిగతావాళ్ళకి ఏమీ కాదు, ఎకో కాగితం మీద కనబడేదాకా. ఇది పెద్ద జబ్బు అని భయపెట్టడానికి దీన్ని ఎంచుకోలేదు. చాలామందిలో ఇది ప్రాణానికి ముప్పు తెచ్చేది కాదు. అందుకే ఎంచుకున్నాను. ప్రాణం మీదికి రాని బాధతో ఏళ్ళ తరబడి బతకాల్సిన స్త్రీకి మన వైద్య వ్యవస్థలోగానీ కుటుంబంలోగానీ చోటు లేదు.

వాల్వు జారడం అంటే

గుండెలో ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే కవాటం పేరు మైట్రల్ వాల్వు. రెండు రెక్కల తలుపులాంటిది. బిషప్పులు పెట్టుకునే టోపీ ఆకారంలో ఉంటుందని ఆ పేరు పెట్టారు. కింది గది ముడుచుకుని నెత్తురును ఒంట్లోకి తోసేటప్పుడు ఈ తలుపు మూసుకోవాలి. కొందరిలో ఆ రెక్కలు కొంచెం వదులుగా, మందంగా ఉండి, మూసుకునేటప్పుడు పైగదిలోకి ఉబ్బుతాయి. అదే ప్రొలాప్స్. రెక్కలు సరిగ్గా కలవకపోతే కొంత నెత్తురు వెనక్కి కారుతుంది. ఆ కారడం ఎంత అన్నదే అసలు ప్రశ్న. ఎక్కువమందిలో అది ఉండదు, లేదా లెక్కలోకి రానంత తక్కువ.

ప్రొలాప్స్ అన్న మాట మన ఆడవాళ్ళకి కొత్త కాదు. గర్భసంచి జారడాన్ని కూడా ఆసుపత్రిలో అదే మాటతో పిలుస్తారు. అందుకే "వాల్వు జారింది" అని వినగానే గుండెలో ఏదో ఊడి కిందికి దిగిందనీ, బరువెత్తితే ఇంకా జారుతుందనీ అనుకుంటారు. నీళ్ళ బిందె ఎత్తొద్దని తల్లి అంటుంది. పని ఎగ్గొట్టడానికి వేషాలని అత్త అంటుంది. ఒక్క మాటకి అర్థం విడమరిచి చెప్పకపోవడం వల్ల ఇంత నడుస్తుంది.

మన దేశంలో ఇంకో గందరగోళం ఉంది. ఇక్కడ మైట్రల్ వాల్వు అనగానే గుర్తొచ్చేది రుమాటిక్ గుండెజబ్బు. చిన్నప్పుడు గొంతునొప్పిగా మొదలై, కీళ్ళనొప్పుల జ్వరంగా మారి, చివరికి వాల్వును బిగించేసే జబ్బు అది. ఇరుకు ఇళ్ళలో, పేదరికంలో పెరిగిన పిల్లలకి వస్తుంది. చాలామంది ఆడవాళ్ళలో గర్భం వచ్చి ఆయాసపడేదాకా బయటపడదు. దానికి మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజక్షన్ ఏళ్ళ తరబడి తీసుకోవాలి. ప్రొలాప్స్ అలాంటిది కాదు. అది గొంతునొప్పి వల్ల రాదు, దానికి ఆ ఇంజక్షన్ అక్కర్లేదు. వాల్వు ఒకటే, జబ్బులు రెండు. "మీకు వాల్వు ప్రాబ్లం ఉంది" అని ఊరుకుంటే, ఇంజక్షన్ అవసరమైన స్త్రీ మానేస్తుంది, అవసరం లేని స్త్రీ పొడిపించుకుంటుంది. ఆ రెండింట్లో తనది ఏదో తెలుసుకోవడం ప్రతి స్త్రీకీ మొదటి అవసరం.

ఒక పేరు కథ

గుండెదడ, ఛాతీలో పోటు, ఆయాసం, నీరసం, లేచి నిలబడితే కళ్ళు తిరగడం - ఈ లక్షణాలన్నిటినీ కలిపి ఒక పేరుతో పిలవడం ఈ వాల్వుతో మొదలవలేదు. అమెరికా అంతర్యుద్ధంలో సైనికుల్ని చూసిన డాకోస్టా అనే డాక్టరు 1871లో దీని గురించి రాశాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలానికి "సైనికుడి గుండె" అన్న పేరు వాడుకలోకి వచ్చింది. ఇంగ్లండులో అలాంటి సైనికుల కోసం హాంప్‌స్టెడ్‌లో ప్రత్యేకంగా ఆసుపత్రి పెట్టారు. పరిశోధనలు చేశారు, వ్యాయామ చికిత్సలు రూపొందించారు, పెన్షన్ల గురించి చర్చించారు. అవే లక్షణాలు ఇంట్లో ఉన్న స్త్రీకి వస్తే దానికి పెట్టిన పేరు నరాల బలహీనత, లేదా హిస్టీరియా. యుద్ధంలో అలసిన మగవాడికి ఆసుపత్రి దొరికింది. ఇంట్లో అలసిన ఆడదానికి చీవాట్లు దొరికాయి.

1963లో దక్షిణాఫ్రికాకు చెందిన జాన్ బార్లో అనే డాక్టరు, స్టెతస్కోపులో కొందరికి వినబడే "టక్" అనే శబ్దమూ దాని వెనక వచ్చే మర్మరమూ మైట్రల్ వాల్వు నుంచే వస్తున్నాయని చూపించాడు. 1966లో అమెరికాలో ప్రొలాప్స్ అన్న పేరు పెట్టారు. తర్వాత ఎకో పరీక్ష వచ్చింది. వెతికినకొద్దీ కనబడసాగింది. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్ళో ఎన్నో ఏళ్ళుగా సాగుతున్న గుండె అధ్యయనం 1983లో చెప్పిన లెక్క ప్రకారం, ఇరవైలలో ఉన్న స్త్రీలలో నూటికి 17 మందికి ఇది ఉంది! ఆ కాలంలోనే "మైట్రల్ వాల్వ్ ప్రొలాప్స్ సిండ్రోమ్" అన్న మాట వ్యాపించింది. పడుచు ఆడవాళ్ళ జబ్బు, సన్నగా ఉండేవాళ్ళ జబ్బు, కంగారుపడేవాళ్ళ జబ్బు అని ముద్ర పడింది.

తర్వాత తేలిందేమిటంటే, వాల్వు అంచు చదునుగా ఉండదు, గుర్రపు జీనులా వంపు తిరిగి ఉంటుంది. ఎకోలో ఒక కోణంనుంచి చూస్తే మామూలు వాల్వు కూడా జారినట్టే కనబడుతుంది. 1980ల చివర్లో ఈ సంగతి బయటపడ్డాక కొలతలు మార్చారు. సరైన కోణంలో చూసినప్పుడు రెక్క రెండు మిల్లీమీటర్లకు మించి పైకి ఉబ్బితేనే ప్రొలాప్స్ అన్నారు. ఫ్రామింగ్‌హామ్ అధ్యయనమే కొత్త కొలతతో 3491 మందిని చూసి 1999లో ఫలితం ప్రకటించింది. వాళ్ళలో 84 మందికి, అంటే నూటికి 2.4 మందికి మాత్రమే ప్రొలాప్స్ ఉంది. ఆడా మగా తేడా దాదాపు లేదు. ఛాతీనొప్పి, ఆయాసం లాంటివి ప్రొలాప్స్ ఉన్నవాళ్ళలో లేనివాళ్ళకన్నా ఎక్కువగా లేవు.

ఈ కథలో మనకి రెండు పాఠాలున్నాయి. ఒకటి, యంత్రం చెప్పింది కాబట్టి సత్యం అని నమ్మనక్కర్లేదు. కొలత మారేసరికి పడుచు ఆడవాళ్ళ జబ్బు కాస్తా అందరి జబ్బు అయింది. రెండోది ఇంకా ముఖ్యం. ఆ ఇరవై ఏళ్ళలో ఎందరో స్త్రీలకి "సిండ్రోమ్" అన్న పేరు ఒక ఆసరా అయింది. అంతకుముందు వాళ్ళని ఎవరూ నమ్మలేదు. పేరు దొరికాక ఇంట్లోవాళ్ళు నమ్మారు, డాక్టరు నమ్మాడు. అమెరికాలో వాళ్ళు సహాయ బృందాలు పెట్టుకున్నారు. ఈ సిండ్రోమ్‌తో ఎలా బతకాలో చెప్పే పుస్తకాలు లిన్ ఫ్రెడరిక్సన్, క్రిస్టీన్ స్కోర్డో లాంటి నర్సులు రాశారు. డాక్టర్లకు కాకుండా నర్సులకు ఆ అవసరం కనబడటంలో ఆశ్చర్యం లేదు. రోగి పక్కన కూర్చుని వినేది వాళ్ళే.

1999 తర్వాత చాలామంది డాక్టర్లు "లక్షణాలకీ వాల్వుకీ సంబంధం లేదు" అనడం మొదలుపెట్టారు. అది సైన్సు పరంగా ఆలోచించదగ్గ మాటే. దాని వెనకే ఇంకో మాట దొంగచాటుగా వచ్చింది: "కాబట్టి నీకేమీ లేదు." మొదటి మాట నుంచి రెండో మాట రాదు. వాల్వు కారణం కాకపోతే కారణం వేరే ఉందని అర్థం, బాధ లేదని కాదు. మన బాధ నిజమని నిరూపించుకోవడానికి మనకి చెడిపోయిన వాల్వు ఎందుకు కావాలి? స్త్రీవాదులుగా మనం అడగాల్సిన ప్రశ్న ఇది.

దడకి కారణాలు

మన స్త్రీలలో గుండెదడ అనగానే ముందు చూడాల్సింది రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8 మందికీ, తెలంగాణలో 57.6 మందికీ రక్తహీనత ఉంది. నెత్తురు తక్కువైతే గుండె వేగంగా కొట్టుకుంటుంది, మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. రెండోది థైరాయిడ్. ఈ రెండింటికీ మామూలు రక్తపరీక్షలు చాలు. వేలు పోసి ఎకో తీయించి, హిమోగ్లోబిన్ చూడని సందర్భాలు మనందరికీ తెలుసు.

ఆ తర్వాత నిద్రలేమి, నీళ్ళు తాగకపోవడం, తిండి వేళకి లేకపోవడం, ఇంట్లో హింస, భయం. భయంతో దడ వస్తుంది, దడతో భయం పెరుగుతుంది. దీన్ని "టెన్షన్" అని ఒక్క మాటలో కొట్టిపారేస్తారు. "టెన్షన్ తగ్గించుకోమ్మా" అంటారు. టెన్షన్ అనేది ఆమె కావాలని నెత్తిన పెట్టుకున్న గంప కాదు, దించుకోమనగానే దించడానికి. తాగొచ్చి కొట్టే భర్త, తీరని డ్వాక్రా అప్పు, ఆడపిల్ల పెళ్ళి - ఇవి మందుల చీటీలో రాయరు. అయినా భయం, గాబరా కూడా చికిత్స ఉన్న బాధలే. 2022లో మొదలైన టెలి మానస్ 14416 నంబరుకు డబ్బు ఖర్చు లేకుండా ఫోను చేసి మాట్లాడవచ్చు. మానసిక చికిత్సకు వెళ్ళడమంటే గుండె గురించి అడగడం మానెయ్యడం కాదు.

డాక్టర్లు, పుస్తకాలు ఇచ్చే సలహాలు మంచివే. నీళ్ళు బాగా తాగండి, కాఫీ టీలు తగ్గించండి, రోజూ నడవండి, పడకమీంచి ఒక్కసారిగా లేవకండి, కంటినిండా నిద్రపోండి. పాటిస్తే చాలామందికి దడ తగ్గుతుంది. కానీ ఈ సలహా ఎవరికి? మరుగుదొడ్డి లేని మిల్లులో, బట్టల కొట్టులో పొద్దస్తమానం నిలబడి పనిచేసే అమ్మాయి నీళ్ళు తాగదు. తాగితే ఎక్కడికి వెళ్తుంది? తెల్లవారుజామున లేచి రాత్రి పదకొండింటికి నడుం వాల్చే స్త్రీకి నిద్ర ఎక్కడిది? ఆమె ఆరోగ్యం కోసం కావలసింది మందుల షాపు కన్నా ముందు పనిచోట మరుగుదొడ్డి. గుండె సమస్య అలా కార్మిక హక్కుల సమస్య అవుతుంది.

కాగితం చదవడం నేర్చుకుందాం

ఎకో రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది. ఇంగ్లీషు వచ్చినవాళ్ళకీ అర్థం కాదు. అందులో చూసుకోవలసినవి నాలుగే. వాల్వు రెక్కలు ఎంత ఉబ్బాయి, ఎంత మందంగా ఉన్నాయి. లీకు, అంటే ఎం.ఆర్., ఎంత ఉంది. ఎడమవైపు గదులు పెద్దవయ్యాయా. గుండె పంపు చేసే శక్తి, అంటే ఇ.ఎఫ్., ఎంత ఉంది. "ట్రివియల్" అని ఉంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో కూడా కనబడేంత స్వల్పం అని. "మైల్డ్" అంటే తక్కువ. అలాంటివాళ్ళు సాధారణంగా మూడు నుంచి అయిదేళ్ళకోసారి మళ్ళీ చూపించుకుంటే సరిపోతుంది. "మోడరేట్" అయితే ఏడాది రెండేళ్ళకి, "సివియర్" అయితే ఆరునెలల నుంచి ఏడాది లోపు చూడాలి.

"ఏమీ లేదు" అన్న మాటను ఎప్పుడు ఒప్పుకోకూడదో కూడా తెలియాలి. దడతో స్పృహతప్పి పడిపోతే, కుటుంబంలో చిన్నవయసులో ఎవరైనా హఠాత్తుగా చనిపోయి ఉంటే, పడుకుంటే ఊపిరాడకపోతే, కాళ్ళు వాస్తే, వాల్వు సమస్య ఉండి జ్వరం రోజుల తరబడి తగ్గకపోతే ఊరుకోవద్దు. గుండె లయను ఇరవైనాలుగు గంటలు నమోదు చేసే హోల్టర్ పరీక్ష గురించి అడగాలి. ప్రొలాప్స్ ఉన్నవాళ్ళలో బహు కొద్దిమందికి ప్రమాదకరమైన లయ తప్పడం వస్తుంది. వాళ్ళలో పడుచు స్త్రీలు కూడా ఉన్నారని ఇటలీలోని పాడువా పరిశోధకులు 2015లో వివరంగా రాశారు. అంటే, అందరినీ భయపెట్టడమూ తప్పే, అందరినీ ఒకే మాటతో పంపించెయ్యడమూ తప్పే. తీవ్రమైన లీకు ఉన్న స్త్రీలకు మగవాళ్ళకన్నా తక్కువగా ఆపరేషన్ జరుగుతోందని అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధన 2008లోనే చూపించింది. లేని జబ్బును అంటగట్టడం, ఉన్న జబ్బును పట్టించుకోకపోవడం - రెండూ స్త్రీకే జరుగుతున్నాయి.

మందుల గురించి ఒక మాట. దడ ఎక్కువగా ఉంటే బీటా బ్లాకర్ మాత్రలు ఇస్తారు. ఉబ్బసం ఉంటే ముందే చెప్పాలి. బాగుందికదా అని ఒక్కరోజులో ఆపెయ్యకూడదు. పన్ను పీకించుకునే ముందు యాంటీబయాటిక్ వాడాలని పాతరోజుల్లో అందరికీ చెప్పేవారు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2007లో ఆ సలహాను సవరించింది. ప్రొలాప్స్ ఒక్కటే ఉన్నవాళ్ళకి అది అవసరం లేదు. ఇంతకుముందు వాల్వుకు ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్ళకి, కృత్రిమ వాల్వు పెట్టించుకున్నవాళ్ళకి అవసరం.

పెళ్ళి, పిల్లలు

పెళ్ళికాని పిల్లకి ఎకోలో ఏదో కనబడింది అనగానే ఆ కాగితం బీరువాలోకి పోతుంది. పక్కింటివాళ్ళకి తెలియకూడదు, సంబంధం వాళ్ళకి అసలే తెలియకూడదు. తెలిస్తే కట్నం పెరుగుతుంది, లేదా సంబంధం చెడుతుంది. దాచి పెళ్ళి చేస్తే తర్వాత "గుండెజబ్బు పిల్లని అంటగట్టారు" అని పుట్టింటికి పంపుతారు. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లోని విడాకుల కారణాల్లో గుండెజబ్బు లేదు. అయితే ముఖ్యమైన విషయం దాచి మోసం చేశారని 12వ సెక్షన్ కింద కోర్టుకెక్కే అవకాశం ఉంది కాబట్టి, దాచడం అమ్మాయికే ముప్పు. ఆ కాగితంలో ఏముందో తెలిసిన పిల్ల భయం లేకుండా చెప్పగలదు: "నా వాల్వు రెక్క కొంచెం వదులు, లీకు లేదు, మామూలుగా బతుకుతాను." తెలియని పిల్ల దాచడమో, ఏడవడమో చేస్తుంది.

పిల్లల విషయమూ అంతే. లీకు లేని లేదా స్వల్పంగా ఉన్న ప్రొలాప్స్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో గర్భానికి అతి తక్కువ ముప్పు ఉన్న వర్గంలో పెట్టారు. ఆ ఒక్క కారణంతో పిల్లలు వద్దనడానికీ, ఆపరేషన్ కాన్పే చెయ్యాలనడానికీ ఆధారం లేదు. లీకు ఎక్కువ ఉన్నవాళ్ళు మాత్రం గర్భానికి ముందే గుండె డాక్టరుకి చూపించుకోవాలి. ఇక, ఇది కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుంది. తల్లినుంచే కాదు, తండ్రినుంచీ రావచ్చు. తప్పును తల్లి ఖాతాలో రాసే అలవాటు ఇక్కడ కూడా పనికిరాదు.

హక్కుగా అడుగుదాం

1995లో సుప్రీంకోర్టు ఐ.ఎం.ఎ. వర్సెస్ వి.పి. శాంత కేసులో డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని చెప్పింది. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమాల ప్రకారం రోగి అడిగితే వైద్య రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలి. జాతీయ మానవహక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రం, తన జబ్బు గురించి తెలుసుకునే హక్కునూ, ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకునే హక్కునూ స్పష్టంగా పేర్కొంది. ప్రభుత్వ ఆసుపత్రి అయితే 2005 సమాచార హక్కు చట్టం కూడా ఉంది. డాక్టరు భర్తతోనో అన్నతోనో మాట్లాడుతుంటే "నా గురించి నాకు చెప్పండి" అనడం అమర్యాద కాదు.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ - ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ - వాల్వు ఆపరేషన్లను పేదలకు అందుబాటులోకి తెచ్చింది. అది చిన్న విషయం కాదు. అయితే ఆపరేషన్ దాకా వెళ్ళినవాళ్ళకి ఉన్నంత స్పష్టమైన దారి, నాకు ఆపరేషన్ అక్కర్లేదు అని రూఢిగా తెలుసుకోవాలనుకునే స్త్రీకి లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్, థైరాయిడ్, ఇ.సి.జి. చూసి, అవసరమైనవాళ్ళని జిల్లా ఆసుపత్రికి ఎకోకు పంపి, ఫలితాన్ని తెలుగులో చెప్పే ఏర్పాటు కావాలని మనం అడగాలి.

మరి తోడు సంగతి? 1970లలో బోస్టన్ స్త్రీలు కలిసి కూర్చుని తమ శరీరాల గురించి తామే పుస్తకం రాసుకున్నారు. తొంభైల మొదట్లో హైదరాబాదులో మనవాళ్ళు "సవాలక్ష సందేహాలు" రాశారు. ఆ పని ఆగకూడదు. ప్రతి సంఘంలో నెలకొకసారి "కాగితాల రోజు" పెట్టుకుందాం. ఎవరి రిపోర్టులు వాళ్ళు తెచ్చుకుంటారు, నమ్మకమైన ఒక నర్సునో డాక్టరునో పిలుచుకుంటాం, ఒక్కొక్క మాటకీ తెలుగులో అర్థం రాసిపెట్టుకుంటాం. దడ ఎప్పుడు వచ్చింది, ఎంతసేపుంది, అప్పుడేం చేస్తున్నారు అన్నది నోటుబుక్కులో రాసుకోమందాం. ఆ నోటుబుక్కుతో వెళ్ళిన స్త్రీని పంపించెయ్యడం అంత తేలిక కాదు. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఒక తోటి స్త్రీ వెంట వెళ్దాం. రాత్రి దడతో లేచి కూర్చున్న స్త్రీకి, పొద్దున్నే చెప్పుకోవడానికి ఒక మనిషి ఉందన్న ధీమా ఇవ్వడం కూడా వైద్యంలో భాగమే.

మనం అడుగుతున్నది పెద్ద జబ్బు పేరు కాదు, జాలి కాదు. "ఏమీ లేదమ్మా" అన్నప్పుడు ఏమి లేదో చెప్పమంటున్నాం. "ఉంది" అన్నప్పుడు ఎంత ఉందో చెప్పమంటున్నాం. ఈ రెండూ తెలిసిన స్త్రీ తన గుండెతో తాను బతకగలదు.